జాబితా నుంచి గడప దాకా: మానవ హక్కుల పాత్రికేయంలో దత్తాంశ వినియోగం – విశాఖ జిల్లా ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మానవ హక్కుల ఉల్లంఘనలను వెలికితీయడానికి దత్తాంశాన్ని, సాంకేతికతను వాడుకోవడం ఈ శతాబ్దపు విద్యగా భావించడం పరిపాటి. విశాఖపట్నం జిల్లాలో ఆ పద్ధతికి పూర్వరూపం 19వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలి ముద్రణకు రాసుకున్న ముందుమాటలో ఉదహరించిన వివాహాల జాబితాయే ఆ పూర్వరూపం. ఆ ముందుమాట నుంచి మూడు కొలమానాలను గ్రహించి, వాటితో రైతు ఆత్మహత్యల గణాంకాలు, తెలంగాణ ‘సమగ్ర వేదిక’, ఉపాధి హామీ పేర్ల తొలగింపు అనే మూడు సందర్భాలను బేరీజు వేయడం ఈ వ్యాసం ఉద్దేశం. చోడవరం వంటి మండల కేంద్రాల పాత్రికేయంలో వార్తకు కొరత లేదని, కూడికకే కొరత ఉందని ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దత్తాంశ పాత్రికేయం, మానవ హక్కులు, కన్యాశుల్కం, సమగ్ర వేదిక, ఉపాధి హామీ, చోడవరం.

1. ఉపోద్ఘాతం:

చోడవరం విశాఖ మైదానానికి, మన్యానికి మధ్య ఉన్న మండల కేంద్రం. ఒకవైపు చెరకు పొలాలు, గోవాడ సహకార చక్కెర కర్మాగారం. మరోవైపు మాడుగుల మీదుగా పాడేరు కొండలకు ఎక్కే దారి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఈ మండలం అనకాపల్లి జిల్లాలో చేరింది. పాడేరు, అరకు ప్రాంతాలు అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాయి. పరిపాలనకు ఇది సరిహద్దు మార్పు మాత్రమే. లెక్కలు చదివే పరిశోధకుడికి మాత్రం ఇది వరుస తెగిపోవడం. ‘విశాఖపట్నం జిల్లా’ అన్న పేరు కింద 2021లో ఉన్న అంకె, 2023లో ఉన్న అంకె ఒకే నేలకు, ఒకే జనానికి చెందినవి కావు. వాటిని పక్కపక్కన పెట్టి, తగ్గిందనో పెరిగిందనో రాస్తే ఆ వార్త తప్పు అవుతుంది.

దత్తాంశ పాత్రికేయం ఎదుర్కొనే మొదటి చిక్కు ఇదే. అంకె తనంతట తాను నిజం చెప్పదు. ఎవరు లెక్కించారు, ఏ హద్దులో లెక్కించారు, ఎవరిని వదిలేశారు అన్న ప్రశ్నలు వేసినప్పుడే అది సాక్ష్యంగా నిలబడుతుంది. ఈ ప్రశ్నలు తెలుగు సాహిత్య చరిత్రకు కొత్తవి కావు.

2. గురజాడ ముందుమాట – మూడు కొలమానాలు:

గురజాడ అప్పారావు 1862లో సర్వసిద్ధి రాయవరంలో జన్మించాడు. ఆ ఊరు నేడు చోడవరం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే ఉంది. ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆ ముద్రణకు ఆయన ఆంగ్లంలో ముందుమాట రాశాడు. భాషా సంస్కరణ, నాటక ప్రయోజనం గురించి చర్చించేవారు ఆ ముందుమాటను తరచుగా ప్రస్తావిస్తారు. అందులోని గణాంకాల మీద విమర్శకుల దృష్టి అంతగా నిలవలేదు.

విజయనగరం మహారాజు ఆనంద గజపతి, ముందుమాటకు సుమారు పదేళ్ల ముందు, విశాఖపట్నం జిల్లాలో సాధారణ బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించాడు. నమోదైన వివాహాలు 1034. సగటున ఏడాదికి 344. వధువు వయసు ఐదేళ్లుగా ఉన్నవి 99, నాలుగేళ్లుగా ఉన్నవి 44, మూడేళ్లుగా ఉన్నవి 36, రెండేళ్లుగా ఉన్నవి 6, ఏడాదిగా ఉన్నవి 3. ఈ ఐదు అంకెలను కూడితే 188. అంటే నమోదైన వివాహాలలో సుమారు 18 శాతం ఐదేళ్లు, అంతకు తక్కువ వయసున్న పసిపిల్లలవి. ఏడాది పిల్లలకు పలికిన ధర 350 నుంచి 400 రూపాయలని కూడా ఆ ముందుమాట తెలుపుతుంది.

ఈ కొద్ది వాక్యాల నుంచి మూడు కొలమానాలు గ్రహించవచ్చు.

మొదటిది కూడిక. ఒక అగ్రహారంలో ఒక పసిపిల్లను అమ్మడం ఆ ఇంటి సంగతి, ఆ తండ్రి ఆశ, ఆ పిల్ల నుదుటి రాత. జిల్లా అంతటా అలాంటివి 1034 ఉన్నాయని తేలినప్పుడు నుదుటి రాత అన్న మాట చెల్లదు. అది వ్యవస్థ అవుతుంది.

రెండవది లోపాన్ని ఒప్పుకోవడం. డబ్బు తీసుకున్న సంగతి చెప్పడానికి తల్లిదండ్రులు ఇష్టపడరు గనుక ఈ జాబితా సమగ్రం కాదని గురజాడ స్పష్టంగా చెప్పాడు. లోపాన్ని ముందే ఒప్పుకున్న అంకెను కొట్టివేయడం ప్రత్యర్థికి కష్టం. 1034 అన్నది కనీస సంఖ్య అని పాఠకుడికి అర్థమవుతుంది.

మూడవది జాబితా నుంచి మనిషి దగ్గరికి వెళ్లడం. గురజాడ అంకెల దగ్గర ఆగలేదు. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో సుబ్బి పెళ్లి బేరం, వితంతువైన బుచ్చమ్మ బతుకు ఆ అంకెలకు రక్తమాంసాలు తొడిగాయి. జాబితా లేకుంటే నాటకం ఒక ఇంటి కథగా మిగిలేది. నాటకం లేకుంటే జాబితా దివాణపు దస్తరంలో మిగిలేది.

ఈ జాబితాకు పరిమితులు లేకపోలేదు. అది ఒక కులానికే పరిమితం. ధర, వయసు నమోదు చేసింది కాని ఆ పిల్లలు తరువాత ఏమయ్యారో చెప్పదు. అయినా ఒక సంయమనం గమనించదగినది. ముందుమాట ఏ కుటుంబం పేరునూ బయటపెట్టలేదు. వయసులు, ధరలు లోకానికి చెప్పి, పిల్లల ఆనవాళ్లను దాచింది. నేటి దత్తాంశ పాత్రికేయం నేర్వదగిన నియమం అది.

దాదాపు అదే కాలంలో అమెరికాలో ఐడా బి. వెల్స్ నల్లజాతి వారిపై జరిగిన మూకహత్యలను లెక్కగట్టి 1895లో ‘ది రెడ్ రికార్డ్’ ప్రచురించింది. ఆమె ఆధారపడినవి తెల్లవారి యాజమాన్యంలోని ‘షికాగో ట్రిబ్యూన్’ పత్రిక సంకలనం చేసిన లెక్కలు. అతిశయోక్తి అన్న నింద రాకుండా అవతలి పక్షం అంకెలనే ఆమె ఎంచుకుంది. విడివిడిగా అచ్చయి మరుగునపడిన వార్తలు ఒకచోట చేరినప్పుడు నేరారోపణగా మారాయి. ఈ ఇద్దరికీ కంప్యూటరు లేదు. ఉన్నది కూడిక, ఆ కూడిక వెనుక నైతిక దృష్టి.

3. రైతు ఆత్మహత్యలు – గడి మారిన కథ:

తెలుగు నేలకు సంబంధించి ఆధునిక కాలంలో ఈ పద్ధతికి ప్రముఖ ఉదాహరణ రైతు ఆత్మహత్యల గణన. అనంతపురం నుంచి విదర్భ దాకా ఒక్కొక్క మరణం విడి వార్తగా వస్తున్న రోజుల్లో, మద్రాసు అభివృద్ధి అధ్యయన సంస్థ ఆర్థికవేత్త కె. నాగరాజ్ జాతీయ నేర నమోదు సంస్థ వార్షిక నివేదికలను విశ్లేషించారు. ఆ విశ్లేషణ ఆధారంగా పాలగుమ్మి సాయినాథ్ 2007 నవంబరులో ‘ది హిందూ’లో వ్యాసాలు ప్రచురించారు. 1997–2005 మధ్య దేశంలో దాదాపు 1.5 లక్షల మంది రైతులు ఆత్మహత్య చేసుకున్నారని వాటి సారాంశం. ఇవి ఉద్యమకారుల లెక్కలు కావు, పోలీసు ఠాణాల నుంచి వచ్చిన ప్రభుత్వ లెక్కలు. వెల్స్ అనుసరించిన మార్గమే ఇక్కడా కనిపిస్తుంది.

మూడు కొలమానాలలోనూ ఈ కృషి నిలుస్తుంది. కూడిక ఉంది. పట్టా లేని మహిళా రైతులు, కౌలుదారులు లెక్కలోకి రావడం లేదన్న హెచ్చరిక ఉంది. ఏళ్ల తరబడి బాధిత కుటుంబాల ఇళ్లకు వెళ్లిన అనుభవం ఉంది.

ఆ తరువాత జరిగిన మార్పు దత్తాంశ పాత్రికేయానికి పెద్ద పాఠం. 2014 నివేదిక నుంచి వర్గీకరణ మారింది. వ్యవసాయ కూలీలను వేరే గడిలో చేర్చారు. 2013లో 11,772గా ఉన్న రైతు ఆత్మహత్యలు 2014లో 5,650కి దిగాయి. అదే ఏడాది వ్యవసాయ కూలీల గడిలో 6,710 మరణాలు నమోదయ్యాయి. రెండూ కలిపితే 12,360. గడి మారిందన్న సంగతి తెలియని పాఠకుడు ఆత్మహత్యలు సగానికి తగ్గాయని నమ్ముతాడు. తెలిసిన పాఠకుడు కౌలుదారు ఏ గడిలో పడ్డాడని అడుగుతాడు. కాగితం మీద కౌలు ఒప్పందం లేని మనిషి మరణించినప్పుడు అతడు రైతా, కూలీయా అన్నది ఠాణాలో నిర్ణయమవుతుంది. 2004 నాటి జీవో 421 కింద పరిహారం రావాలన్నా మరణించినవాడు రైతని అధికారులు తేల్చాలి. గడి పేరు ఇక్కడ ఒక కుటుంబం అన్నం.

చెరకు, వరి పండే చోడవరం ప్రాంతంలోనూ నోటిమాట కౌలు కొత్త సంగతి కాదు. స్థానిక విలేకరికి ఎవరి పొలం ఎవరు దున్నుతున్నారో తెలుసు. జాతీయ నివేదికకు తెలియదు. ఈ రెండు జ్ఞానాలు కలిసే చోటు పత్రికలో ఉండాలి.

4. సమగ్ర వేదిక – యంత్రం తీర్పు, గడప సాక్ష్యం:

దత్తాంశం ఉల్లంఘనను బయటపెట్టడమే కాదు, తానే ఉల్లంఘనకు సాధనం కావచ్చు. తెలంగాణ ‘సమగ్ర వేదిక’ ఇందుకు ఉదాహరణ. వేర్వేరు శాఖల దస్త్రాలను పేరు, చిరునామా వంటి వివరాల పోలికతో జోడించి, ఒక కుటుంబానికి కారు ఉందా, భూమి ఉందా అని తేల్చే వ్యవస్థ ఇది. దీని మీద తపస్య, కుమార్ సంభవ్, దివిజ్ జోషి చేసిన పరిశోధనాత్మక కథనం 2024 జనవరిలో అల్ జజీరాలో వెలువడింది. 2014–2019 మధ్య రాష్ట్రంలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయని, కొత్త దరఖాస్తులలో 1,42,086 తిరస్కరణకు గురయ్యాయని ఆ కథనం వెల్లడించింది. కార్డుదారులకు ముందస్తు నోటీసు లేదు.

ఈ కథనం బలం అంకెలో కాక, అంకెను గడపతో కలిపిన తీరులో ఉంది. రిక్షా తొక్కి బతికిన మనిషి పేరు ఒక కారు యజమాని పేరుతో కలిసిపోయింది. ఫలితంగా అతని కుటుంబం బియ్యానికి దూరమైంది. ఒకే పేరు పదిమందికి ఉండే సమాజంలో, ఇంటిపేరును ఒక దస్త్రంలో ముందు, మరో దస్త్రంలో వెనుక రాసే పరిపాలనలో పేర్ల పోలిక ఎంత ప్రమాదకరమో ఆ ఒక్క ఇల్లు చూపింది.

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించడంతో రద్దయిన కార్డుల పునఃపరిశీలన మొదలైంది. వచ్చిన దరఖాస్తులు 4,91,899. ఆ ఏడాది జులై నాటికి పరిశీలించినవి 2,05,734. వాటిలో 15,471 కుటుంబాలు అర్హమైనవని తేలింది. అంటే పరిశీలించిన వాటిలో 7.5 శాతం. ఇక్కడ రెండవ కొలమానం అవసరమవుతుంది. 7.5 శాతాన్ని 18.6 లక్షల మొత్తానికి అంటగట్టడం సరికాదు. దరఖాస్తు చేసినవారు వేరు, చేయనివారు వేరు. కార్డు పోయిన కొన్నేళ్ల తరువాత మళ్లీ కార్యాలయం మెట్లు ఎక్కగలిగినవారు కొందరే. వలస పోయినవారు, మరణించినవారు, కబురే అందనివారు ఆ శాతంలో లేరు. నిరూపితమైన అన్యాయం 15,471 కుటుంబాలకు జరిగింది. మిగిలినది ఇంకా పరిశీలించవలసిన ప్రశ్న. ఈ తేడాను పాటించడం పాత్రికేయుడి బలహీనత కాదు, నిజాయితీ.

5. ఉపాధి హామీ – మండలం దాకా రాని అంకె:

మూడవ ఉదాహరణ చోడవరానికి నేరుగా సంబంధించినది. గ్రామీణ ఉపాధి హామీ జాబితాల నుంచి 2022–23లో దేశవ్యాప్తంగా 5.18 కోట్ల కూలీల పేర్లు తొలగించామని కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో లోక్‌సభకు తెలిపింది. అంతకుముందు ఏడాది ఆ సంఖ్య 1.49 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో తొలగింపులు సుమారు 6 లక్షల నుంచి 78 లక్షలకు చేరాయి. నకిలీ కార్డులు, ఒకరికే రెండు కార్డులు, పనికి ఇష్టపడకపోవడం, ఊరు వదలడం, మరణం అన్నవి అధికారికంగా చెప్పిన కారణాలు. తొలగింపులన్నీ అన్యాయమని దీని అర్థం కాదు. నకిలీ పేరు తీసివేయడం సక్రమమే. పని అడుగుతున్న మనిషిని ‘పనికి ఇష్టం లేదు’ అని నమోదు చేస్తే అది చట్టం ఇచ్చిన హక్కును మౌనంగా లాక్కోవడమే. ఏ పేరు ఏ కోవకు చెందిందో ఊళ్లో తప్ప మరెక్కడా తేలదు.

అదే కాలంలో, 2023 జనవరి 1 నుంచి, పనిస్థలాల్లో మొబైల్ యాప్ ద్వారా రోజుకు రెండుసార్లు ఫొటో హాజరు తప్పనిసరి అయింది. అక్రమాలను అరికట్టడం దాని ఉద్దేశం. సిగ్నల్ అందని కొండవాలు గ్రామంలో హాజరు పడకపోతే, చేసిన పనికి కూలి ప్రశ్నార్థకమవుతుంది. సాంకేతికత ఇక్కడ సాక్షిగా వచ్చి న్యాయమూర్తి స్థానంలో కూర్చుంది.

ఉపాధి హామీ వెబ్‌సైటు గ్రామ పంచాయతీ స్థాయి దాకా వివరాలను బహిరంగంగా ఉంచింది. 78 లక్షలన్న అంకెను జిల్లాకు, మండలానికి, పంచాయతీకి విడగొట్టి, పది పంచాయతీలలో పేర్లు పోయినవారి ఇళ్లకు వెళ్లడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. ఒక పట్టిక, ఒక ద్విచక్రవాహనం, కొన్ని వారాల సమయం కావాలి. అది జరగనప్పుడు రాష్ట్ర స్థాయి అంకె ఒకరోజు వార్తగా వచ్చి పోతుంది. గడప దగ్గర పరీక్షకు నిలవని అంకె ఆరోపణగానే ఉండిపోతుంది.

6. జిల్లా పేజీ – కూడికకు అడ్డు:

ఈ లోపానికి కారణం విలేకరుల అలసత్వం కాదు. తెలుగు పత్రికల నిర్మాణంలోనే దానికి మూలం ఉంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’, 1980ల చివరి నుంచి జిల్లా అనుబంధాలతో స్థానిక వార్తకు అపూర్వమైన చోటు కల్పించింది. ఇతర పత్రికలు అదే బాట పట్టాయి. పల్లె వార్త పత్రికకెక్కడం గొప్ప ప్రజాస్వామిక పరిణామం. భారతీయ భాషా పత్రికల వికాసాన్ని అధ్యయనం చేసిన రాబిన్ జెఫ్రీ కూడా ఈ మార్పుకు ప్రాధాన్యం ఇచ్చాడు. దీనికి మరో ముఖం ఉంది. చోడవరం వార్త అనకాపల్లి పేజీలో, పాడేరు వార్త అల్లూరి జిల్లా పేజీలో, ఆసిఫాబాద్ వార్త మరో రాష్ట్రపు పేజీలో అచ్చవుతాయి. మూడు చోట్లా జరిగినది ఒకే రకం అన్యాయమైనా మూడింటినీ ఒకే పాఠకుడు చదవడు.

డోలీ వార్తలు ఇందుకు తార్కాణం. మాడుగుల, రావికమతం, రోలుగుంట మండలాల కొండ గ్రామాల నుంచి, మన్యం లోపలి గ్రామాల నుంచి, గర్భిణులను, రోగులను కర్రకు కట్టిన డోలీలో మోసుకొస్తున్న దృశ్యాలు మొబైల్ ఫోన్ల పుణ్యమా అని తరచు బయటికి వస్తున్నాయి. దృశ్యం కదిలిస్తుంది, అధికారి స్పందిస్తాడు, కొన్నాళ్లకు మరో ఊరి నుంచి మరో దృశ్యం వస్తుంది. ప్రతి వార్తా మొదటి వార్తలాగే ఉంటుంది. ఏ గ్రామం, ఏ నెల, ఎన్ని కిలోమీటర్ల మోత, సమీప ఆసుపత్రి ఏది, తల్లీబిడ్డల పరిస్థితి ఏమిటి, ఆ గ్రామానికి రోడ్డు ఎప్పుడు మంజూరైంది అన్న ఆరు గడుల పట్టికలో పదేళ్ల వార్తలను నింపితే, దురదృష్టకర సంఘటన అన్న మాటకు చోటుండదు. ఈ మైదాన మండలాల కొండ గ్రామాలు అనేకం ఐదో షెడ్యూలు పరిధిలో లేవు. మన్యం లెక్కల్లోకి రావు, మైదానపు సగటులో కనిపించవు. అధికారిక పట్టికలో గడి లేనివారికి పత్రికే గడి కల్పించాలి.

7. నమోదు కానిది:

దత్తాంశానికి ఒక గట్టి హద్దు ఉంది. నమోదు కానిదాన్ని ఏ విశ్లేషణా తిరిగి తేలేదు. 2007 ఆగస్టు 20న జి. మాడుగుల మండలం వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులపై అత్యాచార ఆరోపణ చేశారు. దీర్ఘకాల న్యాయపోరాటం తరువాత 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తు వైఫల్యాన్ని ఎత్తిచూపి, మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. మొదటి రోజుల్లో సేకరించవలసిన సాక్ష్యం సేకరించకపోతే, పదిహేనేళ్ల తరువాత ఏ సాంకేతికత దాన్ని పూడ్చగలదు? అక్కడ మిగిలినది ఆ మహిళల మాట, దాన్ని విని నమోదు చేసిన పౌరహక్కుల కార్యకర్తల, విలేకరుల నోటుపుస్తకాలు.

నిజనిర్ధారణ నివేదికల సంప్రదాయం తెలుగు నేలకు విశిష్టమైనది. గణితశాస్త్రంలో డాక్టరేటు పొంది, కాకతీయ విశ్వవిద్యాలయంలో బోధించి, ఆపై హక్కుల ఉద్యమానికి అంకితమైన కె. బాలగోపాల్ ఆ సంప్రదాయానికి ప్రతినిధి. గణితం తెలిసిన మనిషి ఘటనా స్థలానికి నడిచి వెళ్లి మనుషుల మాట వినడాన్ని ప్రధాన పద్ధతిగా ఎంచుకోవడం గమనార్హం. గణన, శ్రవణం పరస్పర విరుద్ధాలు కావని ఆయన జీవితమే చెబుతుంది.

బహిరంగ దస్త్రాల భవిష్యత్తు కూడా ఆలోచించదగినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను సవరించి, వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా ఉండే మినహాయింపును విస్తృతం చేసింది. విశాల ప్రజాప్రయోజనం కోసం సమాచారం ఇవ్వవచ్చన్న 8(2) సెక్షన్ మిగిలి ఉన్నా, లబ్ధిదారుల జాబితాలు అడిగే విలేకరికి దారి ఇరుకైంది. వ్యక్తి గోప్యత నిజమైన హక్కే. దానికీ, వ్యవస్థను ప్రశ్నించే అవసరానికీ మధ్య సమన్వయం గురజాడ ముందుమాటలోనే ఉంది: వయసు చెప్పాలి, ధర చెప్పాలి, పిల్ల పేరు చెప్పనవసరం లేదు.

8. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

● విడి వార్తగా ఉన్నంతకాలం అన్యాయం దురదృష్టంలా కనిపిస్తుంది. కూడినప్పుడే అది ఉల్లంఘనగా రుజువవుతుంది. 1034 వివాహాల జాబితా తెలుగు నేలపై ఇందుకు తొలినాటి ఉదాహరణలలో ఒకటి.

● అంకె తన లోపాన్ని తానే చెప్పుకోవాలి. వర్గీకరణ మార్పు, జిల్లా సరిహద్దు మార్పు, దరఖాస్తు చేయనివారి సంగతి విస్మరిస్తే దత్తాంశమే అసత్యానికి ఆసరా అవుతుంది.

● సాంకేతికత స్వభావరీత్యా బాధితుల పక్షం కాదు. పేర్ల పోలికతో బియ్యం ఆపినది, సిగ్నల్ లేక కూలిని ప్రశ్నార్థకం చేసినది కూడా సాంకేతికతే.

● మండల స్థాయి విలేకరుల దగ్గర వార్త ఉంది, మనుషుల పరిచయం ఉంది. లేనిది కూడిక. జిల్లా పేజీల పాత సంచికల నుంచి ఒక అంశాన్ని ఎంచుకుని పదేళ్ల పట్టిక తయారుచేయడం కళాశాలల తెలుగు, పాత్రికేయ శాఖల పరిశోధకులు చేపట్టదగిన పని.

గురజాడ చేతికి జాబితా ఒక సంస్థానాధీశుడి ఆజ్ఞ వల్ల వచ్చింది. నేటి పరిశోధకుడికి ఆ ఆజ్ఞ అవసరం లేదు, జాబితాలు చాలావరకు తెరిచే ఉన్నాయి. వాటిని పట్టుకుని మాడుగుల కొండ దిగువన ఒక గడప ముందు నిలబడి, ఇందులో మీ పేరు ఎందుకు లేదని అడిగేవారి కోసం మాత్రం ఆ గడపలు ఇంకా ఎదురుచూస్తున్నాయి.